ముప్పావు బీడీ దమ్ము

మా ఆయన పెంటయ్య ఆ రోజు నోరు మూసుకుంటే చచ్చిపోతాడు. ఇది శాపనార్థం కాదు, ఉన్న మాట. ఎనిమిది నిలువుల నీళ్ల అడుగు నుంచి పైకి వచ్చేటప్పుడు ఆయన నోరు తెరుచుకుని, రొమ్ములో ఉన్న గాలి వదులుకుంటూ రావాలి. మూసుకుని వచ్చాడంటే బావిలోంచి తేలేది మా ఆయన కాదు, ఆయన పీనుగ. అందులో చిక్కు ఏమిటంటే, ఆ మనిషి నా మీద అలిగి నోరు మూసుకుని అప్పటికి పదకొండు రోజులు.

అలక సంగతి ముందు చెప్పేస్తాను. లేకపోతే తప్పంతా ఈ యాదమ్మదే అనుకుంటారు, నాకు ఊళ్లో ఆ పేరు ఎలాగూ ఉంది.

ఈయన పెబ్బేరు సంతకు పోయి ఒక గిత్తను కొన్నాడు. నాలుగు పళ్ల గిత్త, పడుచుది, అని మీసం తిప్పుకుంటూ వాకిట్లోకి తోలుకొచ్చాడు. నేను దగ్గరికి పోయి దాని మూతి ఎత్తి చూశాను. ఎవడో పుణ్యాత్ముడు వయసు తెలియకుండా దాని పళ్లకు ఆకురాయి పెట్టి శుభ్రంగా రాకాడు. నాకు నవ్వొచ్చింది. వచ్చిన నవ్వును ఆపుకోవడం నాకు పుట్టినప్పటి నుంచీ చేతకాదు.

"ఓ కావ్య నాయినా, మన పెండ్లి నాటికే దీనికి పెండ్లయి ఉంటది గదా!" అన్నాను.

వాకిలి ముందర సగం వాడ ఉంది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అంతే, ఆ క్షణం నుంచి నాతో మాట బంద్. మిగతా లోకంతో బాగానే మాట్లాడతాడు. నాతో పని పడితే మాత్రం గిత్తకు చెప్తాడు. "ఓ గిత్తా, ఆకలైతుందని చెప్పు." నేనూ తక్కువ దాన్నా? "ఓ గిత్తా, గిన్నె ముందర్నే ఉంది, కండ్లు తెర్సి చూడమను." గిత్త నమలడం ఆపి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసేది. మా బిడ్డ కావ్య వనపర్తి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది కాబట్టి సరిపోయింది, ఇంట్లో ఉంటే ఈ భాగోతం ఊరంతా చెప్పి ఉండేది.

ఇక బావి సంగతి. ఐదేళ్లు వరసగా కరువు. నీళ్లు ఎంత కిందికి పోతే, మునిగి ఆడే మోటారును అంత కిందికి దింపుతూ, ఆఖరికి బావి అడుగున పెట్టాం. రెండు వేల ఐదులో వాన దేవుడికి ఏం గుర్తొచ్చిందో, ఒకటే కురవడం. ఎన్నడూ చూడనిది, బావి మెట్ల దాకా నిండింది. సంబరపడ్డాం. ఆ సంబరం తీరకముందే పైపు అతుకు ఊడి, తాడు తెగి, మోటారు అడుగు బురదలో కూర్చుంది. సగం ఇనుప పైపు మాత్రం బావిలో వేలాడుతూ మిగిలింది. వేరుశనగ ఊడలు దిగే వేళ. కళ్ల ముందర ఎనిమిది నిలువుల నీళ్లు, చేనుకు చుక్క లేదు. ఎవడైనా అడుగుకు పోయి మోటారుకు తాడు కట్టి రావాలి.

మా ఊళ్లో నీళ్లలో దమ్ము పట్టడాన్ని బీడీతో కొలుస్తారు. ఈతగాడు దూకగానే ఒడ్డు మీద ఒకడు బీడీ ముట్టిస్తాడు. పైకి తేలేసరికి బీడీ ఎంత కాలిందో అంత వాడి దమ్ము. కొందరిది పావు బీడీ, గట్టివాళ్లది సగం. మా ఆయనది ముప్పావు బీడీ. చుట్టుపక్కల నాలుగూళ్లలో ఆ లెక్క ఇంతవరకు ఎవడూ దాటలేదు. మా నాయిన ఏం చూసి నన్ను ఈ ఇంటికి ఇచ్చాడని అడుగుతారు కదా, ఆ బీడీ ముక్క చూసి ఇచ్చాడు.

ఆ ముప్పావు బీడీతోనే మూడుసార్లు దూకాడు. మోటారు చేతికి తగిలింది. కానీ అది బురదలో దిగబడి ఉంది, దాని కిందుగా తాడు తోసి ముడి వేయాలంటే రెండు బీడీల పని. మూడోసారి చెవులు పట్టుకుని, కళ్లు ఎర్రగా చేసుకుని పైకి వచ్చాడు. "ఓ గిత్తా, రేపు మల్ల దుంకుతనని చెప్పు" అన్నాడు.

మా తమ్ముడు దశరథం ఉన్నాడు చూశారూ, వాడికి పని చేతకాకపోయినా పని చేసేవాళ్లు ఎక్కడ ఉంటారో తెలుసు. తెల్లవారి పెబ్బేరు నుంచి దానియేలన్నను తీసుకొచ్చాడు. దానియేలన్నకు పెద్ద రోడ్డు మీద పంక్చర్ దుకాణం. అంతకుముందు పదేళ్లు ఏదో డ్యామ్ దగ్గర, నీళ్ల అడుగుకు దిగి గేట్లు బాగుచేసేవాళ్లకు గాలి పైపు పట్టే పనిలో ఉండేవాడట. టైర్లలో గాలి కొట్టే మిషనును ట్రాలీ ఆటో మీద వేసుకుని, చుట్టలు చుట్టలుగా పైపుతో దిగాడు. మిషను తొట్టి కడిగాడు. గాలి పీల్చే మూతికి తెల్ల బట్ట కట్టాడు. ఇంజను పొగ అటు పోయేలా, గాలి ఇటు నుంచి పీల్చేలా మిషనును రెండుసార్లు తిప్పి పెట్టాడు. మనిషి పద్ధతి చూడగానే నాకు నమ్మకం కలిగింది.

"పెంటయ్యా, దిగే ముందర గిది జూడు" అని ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా తీశాడు. మూత గట్టిగా బిగించి, దానికి రాయి కట్టి, తాడుతో బావిలోకి వదిలాడు. చలికాలం నీళ్లు, మూడు నిలువుల దాకా తేటగా కనిపిస్తున్నాయి. సీసా దిగుతూ ఉండగానే ఎవరో పిడికిట్లో పట్టి పిసికినట్టు లోపలికి నొక్కుకుపోయింది. పైకి లాగితే మళ్లీ ఉబ్బింది కానీ ఒంటి నిండా మడతలు.

"ఎవడు పిసికిండు దీన్ని?" అన్నాడు మా తమ్ముడు.

"నీళ్లు. పైన ఉన్న నీళ్ల బరువంత మీద పడ్తది. నీళ్లు పిండితే గాలి చిన్నగైతది. ఎంత లోతుకు పోతే అంత చిన్నగైతది."

"మరి మా బావ మూడుసార్లు పోయొచ్చిండు, ఏం కాలే?"

"పైన పీల్చిన గాలి కిందికి పోయి చిన్నగైతది, పైకొచ్చినంక మల్ల ఉన్నంతనే అయితది. చెవులు నొస్తయి, గంతే" అన్నాడు దానియేలన్న. తర్వాత మా ఆయన వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఇయ్యాల సంగతి వేరు, పెంటయ్యా. ఇయ్యాల నువ్వు కింద ఉండి నా పైపు గాలి పీలుస్తవు. గక్కడ రొమ్ము నిండ పీల్చిన గాలి పైకొస్తుంటే సాగుతది. ఒడ్డుకు వచ్చేసరికి రెండింతలు దాటుతది. నోరు మూసుకొని వస్తివా, గంత గాలి యాడికి పోవాలె?"

"యాడికి పోతది?" అన్నాడు మా ఆయన.

"ఊపిరితిత్తులు చింపుకొని పోతది. నేను చూసిన. డ్యామ్ కాడ ఒకాయన మంచిగ నవ్వుకుంట పైకి తేలిండు. ఏమో చెప్పవోయిండు, మాట రాలె. నోట్లకెళ్లి నెత్తురు వచ్చింది. దవాఖానకు గిట్ల తీస్కపోయే పనే పడలె."

 నేను ఆ మడతల సీసాను చేతిలోకి తీసుకున్నాను.

"మరి ఎట్ల రావాలె అన్నా?" అని నేనే అడిగాను.

"ఏం లేదు చెల్లె. నోరు తెర్సి, గాలి ఇడుసుకుంట మెల్లగ రావాలె. అన్నిటికంటే మంచిది మాట్లాడుకుంట వచ్చుడు. పాట పాడనీ, దేవుని పేరు తలుసుకోనీ, ఎవలనన్న తిట్టనీ. పైదాకా నోట్లకెళ్లి బుడగలు ఆగొద్దు, చేతులకెళ్లి పైపు ఇడవొద్దు, గంతే."

"సరే సరే" అన్నాడు మా ఆయన.

నాకు అక్కడే అనుమానం వచ్చింది. పద్దెనిమిదేళ్ల కాపురం నాది. ఈయన ఒక్కసారి "సరే" అంటే ఆ పని చేస్తాడు. రెండుసార్లు అన్నాడంటే చెయ్యడు. పెరటి గోడకు సరే సరే అన్నాడు, కురిసే ఇంటి కప్పుకు సరే సరే అన్నాడు. గోడ పడిపోయింది, కప్పు ఇంకా కురుస్తోంది.

అనుమానం తీర్చుకోవడానికి నీళ్ల చెంబు పట్టుకుని వాళ్ల వెనక నుంచి పోయాను. దానియేలన్న మిషను దగ్గర ఉన్నాడు. మా తమ్ముడు, వాడి నోట్లో మన్ను పడ, బావను గోకుతున్నాడు.

"పైపు గాలితోని దిగితే నీ ముప్పావు బీడీ లెక్కకు రాదు మల్ల, బావా."

"పైపు కిందనే ఇడిసిపెట్టి, గక్కడికెళ్లి దమ్ము పట్టుకొనే వస్త, చూస్తుండు. నీళ్లల్ల గాలి ఇడిసేటోడు ఈతగాడారా? సంటిపిల్లలు ఇడుస్తరు."

"దానియేలన్న ఒద్దన్నడు గద?"

"ఆయనకు టైర్ల గాలి తెలుసు. నా దమ్ము ఆయనకేం తెలుసు?"

నేను చెంబు అక్కడే పారేసి పోయి దానియేలన్నకు చెప్పాను. ఆయన వచ్చి నిలదీశాడు. మా ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, నోరు తెరిచే వస్తానని ఒట్టు పెట్టాడు. అంత పెద్దమనిషిలా ఒట్టు పెడితే పరాయి మనిషి ఏమంటాడు? సరేనని ముక్కుకు పెట్టే క్లిప్పు వెతుక్కోవడానికి పోయాడు. బట్టలు ఆరేసే క్లిప్పు అది, నా దండెం మీదిదే.

ఇక లాభం లేదని నేను దిగివచ్చాను. నిజంగానే దిగివచ్చాను. సిగ్గు విడిచి ఆయన ముందు నిలబడ్డాను.

"నవ్వినందుకు తప్పయింది. నీ గిత్త పడుచుదే, నా కండ్లే మంచిగ లేవు. జర నోరు తెర్సుకొని రా, నీ కాళ్లు మొక్కుత" అన్నాను.

గిత్త అక్కడే వేప చెట్టుకు కట్టేసి ఉంది. ఆయన దాని వైపు తిరిగాడు. "ఓ గిత్తా, ఇన్నవా? పదకొండు దినాలకు దారికొచ్చింది. ఇగ చూపిస్త దమ్ము అంటే ఏందో" అన్నాడు. రొమ్ము ఇంకో బెత్తెడు ముందుకు వచ్చింది.

చూశారా మనిషిని! బతిమాలితే పొంగిపోయి ఇంకా గట్టిగా దమ్ము పడతాడు. ఏడిస్తే ఇంకా గట్టిగా పడతాడు. నేను వేప చెట్టు కింద నిలబడి ఏడుపు మింగుకుంటూ ఆలోచించాను. పద్దెనిమిదేళ్లలో ఈయన ఆపుకోలేక నోరు తెరిచింది ఎప్పుడు? మురిసినప్పుడు కాదు, నొచ్చినప్పుడు కాదు. ఒళ్లు మండినప్పుడు. పట్టరాని కోపం వస్తే ఈయన నోరు పది వాకిళ్లు దాటి వినిపిస్తుంది. కానీ ఇప్పుడు కోపం తెప్పిస్తే ఇప్పుడే అరిచేస్తాడు, కిందికి పోయేసరికి చల్లారిపోతాడు. జవాబు చెప్పడానికి వీల్లేని క్షణం చూసి అంటించాలి.

ఆలోచన తట్టగానే, ఏడుపులోనే, నాకు నవ్వొచ్చింది.

మా తమ్ముణ్ణి పక్కకు లాక్కుపోయాను. "నేను ఏమంటే గది నిజమన్నట్టు పండ్లికిలియ్యి. గిత్త తలుగు ఇప్పి చేతుల పట్టుకో."

"ఎందుకక్కా?"

"ఎందుకంటే నీ బావను సంపవోయింది నీ నోరే కాబట్టి" అని తొడ మీద మెలిపెట్టి గిచ్చాను. వాడికి అర్థం కాలేదు కానీ నొప్పి తెలిసింది, తలుగు విప్పాడు.

అంతలో అక్కడ ఏర్పాట్లన్నీ అయ్యాయి. మా ఆయన నడుముకు గుడ్డలో మూటకట్టిన బరువు రాయి, అడుగుకు పోయాక విప్పేసేలా జారుముడి. ముక్కుకు నా క్లిప్పు. చేతిలో మోటారుకు కట్టే తాడు. దానియేలన్న మిషను ఆడించాడు. గాలి బుసకొడుతున్న పైపును మా ఆయన పళ్ల మధ్య పెట్టుకుని, మెట్టు మీది నుంచి మెడ దాకా నీళ్లలోకి దిగాడు.

"చెవులు నొస్తే ముక్కు మూతి మూసి ఊదు. తాడు మూడుసార్లు గుంజితే ముడి పడ్డట్టు. రెండుసార్లు గుంజితే వస్తున్నట్టు" అని దానియేలన్న చెప్పాడు. ఆయన తల ఊపాడు. మెట్టు వదలబోయాడు.

"ఓ కావ్య నాయినా!" అని పిలిచాను.

తిరిగి చూశాడు.

"గిత్తను మా తమ్మునికి ఇచ్చేసిన. ఉత్తపున్నానికే. గిప్పుడే తోలుకపోతుండు. నీకు చెప్పకుంటే మంచిగుండదని చెప్తున్న."

ఆయన కళ్లు వేప చెట్టు వైపు పోయాయి. మా తమ్ముడు తలుగు పట్టుకుని, నేను చెప్పినట్టే ముప్పై రెండు పళ్లూ బయటపెట్టి నిలబడ్డాడు. వాడి జన్మలో ఒక్క పని సరిగ్గా చేశాడంటే అదే.

మా ఆయన ముఖం చూడవలసిందే. కనుగుడ్లు బయటికి వచ్చాయి. మెడ నరాలు లేచాయి. పైపు పక్క నుంచి "గుర్ర్ర్" అని ఏదో మాట రాబోయింది. అప్పటికే కాలు మెట్టు మీద లేదు. రాయి ఆయనను, ఆయన గొంతులోని జవాబును కలిపి కిందికి తీసుకుపోయింది.

"ఏం పని చెల్లె నువ్వు చేసింది?" అన్నాడు దానియేలన్న హడలిపోయి.

"ఆయన నోరు తెరిపిస్తున్న" అన్నాను.

దానియేలన్న నా ముఖం చూసి, పైపు వైపు తిరిగాడు. మూతి మీద నవ్వు కనిపించింది. దాచుకున్నాడు కానీ కనిపించింది.

బావి మధ్యలో నీళ్లు కుతకుతలాడుతున్నాయి. అది పైపులోంచి ఎక్కువై బయటపడే గాలి. ఈయన కింద బతికే ఉన్నాడని అదొక్కటే గుర్తు. మా తమ్ముడు అలవాటు కొద్దీ బీడీ ముట్టించాడు. నేను వాడి చేతి మీద కొట్టబోయి ఆగాను. ఎంతసేపయిందో నాకూ తెలియాలి. ఒక బీడీ అయిపోయింది. రెండోది సగానికి వచ్చింది. పని సగంలో వదిలి పైకొచ్చే రకం కాదని తెలుసు. అయినా బీడీ వైపే చూస్తూ బావి ఒడ్డున కూర్చున్నాను.

తాడు మూడుసార్లు గుంజుకుంది.

"ముడి పడ్డది" అన్నాడు దానియేలన్న.

వెంటనే ఇంకో రెండు. దానియేలన్న చేతిలోని పైపు ఒక్కసారి తేలికైంది. "పైపు ఇడిసిపెట్టిండు! పట్టుకొనే రమ్మంటి గద!" అని పళ్లు కొరికి, మిషను దగ్గర చిలక తిప్పి గాలి ఆపేశాడు. ఆపితేనే కదా మనిషి నోట్లోంచి వచ్చే బుడగ వేరేగా తెలిసేది. కుతకుత ఆగిపోయింది. నీళ్లు తేటపడి ఊరుకున్నాయి. ఒక్క బుడగ లేదు. అంత నిమ్మళంగా ఉన్న నీళ్లను నేను ఎప్పుడూ చూడలేదు, ఇంకెప్పుడూ చూడొద్దు.

అప్పుడు వచ్చింది మొదటిది. చీకటి నీళ్లలోంచి నిమ్మకాయంత బయటపడింది. పైకి వస్తూ వస్తూ ఉబ్బి, మా ముందర బత్తాయంత అయి పగిలింది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక గుత్తులు గుత్తులుగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ.

"తిడుతుండు!" అని ఎగిరి గంతేశాను. "మా ఆయన తిడుతుండు!"

"ఎవలను?" అన్నాడు మా తమ్ముడు.

"గిది నన్ను. గిది నిన్ను. గీ పెద్దది మన నాయినను."

"నాయినను తిడితే ఊకుంటవా అక్కా?"

"తిట్టనీరా, ఏడు తరాలను తిట్టనీ!" అన్నాను. ఊరుకోవడం మాత్రం నా చేత కాలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని ఒక్కొక్క బుడగకూ ఒక్కొక్క జవాబు ఇచ్చాను. "నేను కాదు, మీ అక్క! నేను కాదు, మీ మేనత్త!" దానియేలన్న నవ్వలేక తల పక్కకు తిప్పుకున్నాడు. పదకొండు రోజుల తర్వాత మేమిద్దరం ఎదురెదురుగా కొట్లాడుకోవడం అదే. నా కడుపు చల్లబడింది.

ఉన్నట్టుండి బుడగలు ఆగిపోయాయి.

ఆఖరి బుడగ పగిలి, దాని చుట్టూ లేచిన గుండ్రటి అల గోడకు తగిలి పోయింది. ఇంకోటి రాలేదు. తేట నీళ్లలో, మూడు నిలువుల కింద, ఆయన ఒంటి నలుపు మసకగా కనిపించింది. పైకి వస్తున్నాడు. నోరు మూసుకుని వస్తున్నాడు.

"దమ్ము పట్టిండు" అన్నాడు దానియేలన్న. ముఖంలో రంగు లేదు. "ఇగ ఇక్కడికెళ్లి మీదికి గాలి ఇంక జల్ది సాగుతది చెల్లె. నోరు తెరవాలె!"

నేను నీళ్ల మీదికి వంగి అరిచాను. "తిట్టు! ఇంక తిట్టు! మా అవ్వను తిట్టు, మా నాయినను తిట్టు, నన్ను కాష్టంల పెట్టు, నోరు ముయ్యకయ్యా!" నా అరుపు నీళ్ల మీద పడి అక్కడే ఉండిపోయింది. బావిలో సగం ఊడి వేలాడుతున్న ఇనుప పైపు కంటపడింది. దాన్ని కొడితే నీళ్లలో ఉన్నవాడికి పళ్లలో మోగుతుందని ఈత నేర్చిన ప్రతి పిల్లకూ తెలుసు. చేతికందిన గుండ్రాయి తీసుకుని పైపు మీద కొట్టాను. టంగ్! టంగ్! టంగ్! చెయ్యి తెగి నెత్తురు వచ్చిందట, నాకు తెలియదు. కొడుతూనే ఉన్నాను. ఈయన లేకుండా ఒక్క రోజు కూడా నాకు వద్దు, వద్దు అని కొడుతున్నాను.

నీళ్లలోంచి ఒక బుడగ వచ్చింది.

ఇది ఇంతకుముందు వచ్చినవాటిలా లేదు. ఆ తోసుకోవడం లేదు, ఆ గుత్తులు లేవు. పెద్దగా, మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి, నాలుగు వచ్చాయి. నాలుగూ నా చేతికి అందేంత దగ్గర పగిలాయి. ఆ వెనకే క్లిప్పు పెట్టుకున్న ముక్కుతో మా ఆయన తల బయటపడింది.

"మాట్లాడు పెంటయ్యా! ఏదన్న మాట్లాడు!" అని దానియేలన్న జబ్బ పట్టి లాగాడు.

మా ఆయన రొప్పి, దగ్గి, నీళ్లు ఊసి, నోరు తెరిచాడు. అందరం ఆ నోటి వైపే చూస్తున్నాం. నెత్తురు లేదు.

"నా గిత్త ఏదిరా బామ్మర్దీ!" అని అరిచాడు. చుట్టుపక్కల చేలల్లో కొంగలు లేచిపోయాయి.

గిత్త ఎక్కడికి పోతుంది? వేప చెట్టు కిందే ఉంది. మా తమ్ముడు తలుగు పట్టి కాసేపు లాగి చూశాడట, ఆ ముసలిది ఒక్క అడుగు కదల్లేదు. దానియేలన్న మా ఆయనను ఒడ్డున కూర్చోబెట్టి, రొమ్ము మీద చెవి పెట్టి విన్నాడు. దగ్గమన్నాడు, మాట్లాడించాడు, గోళ్లు చూశాడు. అంతా బాగానే ఉందని తేలాక, నేను చేసిన పని మొదటి నుంచి ఆఖరి దాకా ఆయనకు వివరంగా చెప్పాడు. మా ఆయన విన్నాడు. క్లిప్పు ముక్కుకే ఉంది, తీయడం మరిచిపోయాడు. నేను తీశాను. నా చేతి మీద నెత్తురు చూసి, తన తల తుడుచుకుంటున్న తువ్వాల చించి కట్టు కట్టాడు.

మా తమ్ముడూ దానియేలన్నా మోటారు లాగడానికి పోయారు. మేమిద్దరమే మిగిలాం.

"మంచిగనే తిట్టినవ్. మరి నడుమ ఎందుకు ఆపినవ్? దమ్ము చూపిద్దామనా?" అన్నాను.

"దమ్ము కాదు" అన్నాడు, నా వైపు తిరిగి, నాతోనే. "తిట్లయిపోయినయ్."

"పదకొండు దినాలు దాచిపెట్టినవి గప్పుడే అయిపోయినయా?"

"అయిపోయినయ్. ఏం అనాలెనో తెల్వక ఆగిన. గంతల నువ్వు పైపు కొట్టినవ్."

"నేనని ఎట్ల తెలిసింది?"

"గంత కోపంగ ఇంకెవలు కొడ్తరు?"

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "మరి కొట్టినంక ఏమన్నవ్? నాలుగు వచ్చినయ్, పెద్దపెద్దయి. నేను లెక్కపెట్టిన."

ఆయన తువ్వాల పిండాడు. పిండిన తువ్వాలనే మళ్లీ పిండాడు. చెవులు ఎర్రబడ్డాయి, అది చలికి కాదు.

"తిట్లు అయిపోయినయంటివి గద. మరి గవేంది? చెప్పు" అన్నాను.

"నోరు తెర్సి రమ్మంటిరి, తెరిసిన."

"గదే, తెర్సి ఏమన్నవ్?"

"చెప్పిన గద. నీ మొకం ముందర్నే చెప్పిన. ఇనకుంటే నేనేం జెయ్యాలె?"

"నీళ్లల్ల చెప్తే ఎట్ల ఇనవడ్తది? మల్ల చెప్పు."

"మోటర్ మల్ల బాయిల పడ్డప్పుడు చెప్త" అని లేచి, మోటారు తాడు పట్టుకోవడానికి పోయాడు.

వేరుశనగ ఆ ఏడు బాగానే పండింది. మోటారు ఇప్పటికీ ఆ బావిలోనే ఆడుతోంది, కొత్త తాడుతో. గడ్డి కోయడానికి అటు పోయినప్పుడల్లా నా చేతిలో కొడవలి ఉంటుంది, కళ్ల ముందర తాడు ఉంటుంది. ఒక్క కోత కోస్తే చాలు, ఆ నాలుగు మాటలూ వినొచ్చు. బావిలోకి తొంగి చూస్తాను. నీళ్లు ఎంత లోతున్నాయో చూసి, గడ్డి కోసుకుని ఇంటికి వస్తాను.